గోడకు ఎడం

పొయ్యిని పికప్‌లోంచి దించేసరికి వీరబ్రహ్మం చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అరబ్బు దేశపు కొండ జబల్ అఖ్దర్ మీద చలికి నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది, అయినా చెమట ఆగలేదు. పోత ఇనుముతో చేసిన కట్టెల పొయ్యి అది. దాన్ని అతనూ చెన్నయ్యా కలిసి పలక మీదికెక్కించి, పలక కింద పైపు ముక్కలు వేసి దొర్లించుకుంటూ, వెనక మిగిలిన ముక్కను మళ్లీ ముందుకు తెచ్చి వేస్తూ, వాకిట్లోంచి హాల్లోకి చేర్చారు. నున్నటి గచ్చు మీద గీత పడకుండా చెన్నయ్య తన దుప్పటే పరిచాడు.

వాళ్ల కంపెనీ కొండ కింద పట్నంలో, ఘాలాలో ఉంది. ఏడాదంతా ఏసీ డక్టులు, హోటళ్ల వంటిళ్లకు పొగగొట్టాలు. చలికాలం వస్తే కొండ మీది ఇళ్లకు పొయ్యిలు. వీరబ్రహ్మం ఫిట్టరు, చెన్నయ్య తాపీమేస్త్రీ. వాళ్లను బండిలో పైకి తెచ్చి పని చూసుకునే సూపర్‌వైజర్ ఇస్రార్ హైదరాబాదువాడు. ఈ ఇంటిని లీజుకు తీసుకున్న రషీద్ సాబ్‌దీ హైదరాబాదే. కాపురం ఆ పట్నంలోనే, ఘుబ్రాలో. కొండ మీది ఇంటిని వారాంతాల్లో గెస్టులకు అద్దెకిస్తారు. ఆ వ్యవహారమంతా ఆయన భార్య తహ్రీమ్‌ది.

తహ్రీమ్ శాలువా కప్పుకుని హాలు మధ్యలో నిలబడింది. "ఆ మూలలో పెట్టాలె. మొత్తం లోపలికి పోవాలె. గెస్టులు సోఫాలో కూర్చుంటే ఇటు కిటికీల నుంచి లోయ కనిపించాలె, అటు మంట కనిపించాలె."

వీరబ్రహ్మం మూలలోకి వెళ్లి గోడలను వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఒకటి బయటి గోడ, రాతిది. చప్పుడే రాలేదు. రెండోది డొల్లగా మోగింది. లోపల చెక్క ఫ్రేము, దాని మీద జిప్సం బోర్డు, బోర్డు మీద అందానికి చెక్క పలకలు. అతను పొయ్యి వెనక బిగించి ఉన్న రేకు ముక్క దగ్గర వంగాడు. మూలలో పెడితే ఏ గోడకు ఎంత ఎడం ఉండాలో దాని మీద బొమ్మ గీసి ఉంది. ఇస్రార్ కూడా వంగి చూశాడు. ఇద్దరికీ తెలిసిన సంగతే.

"మేడమ్, రాతి గోడకు ఫరవాలేదు. ఇది చెక్కగోడ. దీనికి రెండడుగులన్నా ఎడం ఉండాల. పొగగొట్టానికీ అంతే" అన్నాడు వీరబ్రహ్మం.

"రెండడుగులా? స్టవ్ హాలు మధ్యలోకి వస్తది. మనుషులు ఎక్కడ నడవాలె?"

"లేదంటే గోడ ముందర రేకు నిలబెట్టొచ్చు మేడమ్. గోడకు అంటకుండా, వెనక గాలి ఆడేట్టు. అప్పుడు పొయ్యి కొంచెం లోపలికి పోతాది."

తహ్రీమ్ మొహం చిన్నబోయింది. "ఇంత మంచిగ చేయించి రేకు కొడితే గ్యారేజీ లెక్క ఉంటది భాయ్."

"మీరు ఫికర్ చేయకండి మేడమ్, అయిపోతది" అన్నాడు ఇస్రార్. ఆమె ఫోను మాట్లాడుతూ కిటికీ దగ్గరికి పోయాక గొంతు తగ్గించాడు. "వారానికి రెండు దినాలు పెడతరు మంట. ఏమైతది? జరుపు లోపలికి."

వీరబ్రహ్మం జరిపాడు. భుజం ఆనించి తోస్తూ, ఆగి చూస్తూ, మళ్లీ తోస్తూ. చివరికి పొయ్యికీ చెక్కగోడకీ మధ్య జానెడు ఎడం మిగిలింది.

"తాగు నాయనా, చల్లారిపోతాది" అన్న మాట విని తలెత్తాడు. టీ గ్లాసులు పట్టుకుని యాభై దాటిన మనిషి నిలబడి ఉంది. ఇంటిని కనిపెట్టుకుని, గెస్టులకు వండిపెట్టే మనిషి.

"యా ఊరమ్మా మీది?"

"రాజంపేట పక్క పల్లె. పెంచలమ్మ నా పేరు."

"మాది మైదుకూరు."

"ఐతే మనోడివే." ఆమె మొహం విప్పారింది. ఇంకో చెంచా చక్కెర తెచ్చి అతని గ్లాసులో వేసింది.

పొగగొట్టం కొక్కేలకు రంధ్రాలు పెట్టేముందు కరెంటు వైర్లు ఎటు పోతున్నాయో చూడాలి. చెక్కగోడ వెనక ఏముందని అడిగితే పెంచలమ్మే తీసుకుపోయింది. అక్కడుంది ఆమె గది. సన్నగా, పొడుగ్గా ఉంది. గోడ వెంబడి మంచం, మంచం కింద ఇనుప పెట్టె, చివర చిన్న కిటికీ. కిటికీలోంచి మెట్లు మెట్లుగా దిగిన దానిమ్మ తోటలు, ఆకు రాలి పుల్లలు మిగిలిన చెట్లు కనిపిస్తున్నాయి.

"ఘుబ్రా ఇంట్లో ఉన్నన్నాళ్లూ వంటింట్లోనే పండుకునేదాన్ని. అందరూ తిని, ఆఖరు గ్లాసు కడిగినాక చాప పరచాల. ఈడికొచ్చినాకనే నాకంటూ ఒక రూము" అంటూ పెంచలమ్మ తలుపు మూసి గడియ పెట్టి చూపించింది. మళ్లీ తీసింది. "లోపల గడియ గూడా ఉండాది చూడు."

*

గాలి తిరిగినప్పుడు పొగ హాల్లోకి తన్నుతోందని కొన్నాళ్లకు కబురు వచ్చింది. గెస్టులు ఖాళీ చేసిన ఆదివారం ఇస్రార్ వీరబ్రహ్మాన్ని ఆ ఇంటి ముందు దించి, పక్క రిసార్టులో ఇంకో పని చూడ్డానికి పోయాడు.

వీరబ్రహ్మం నిచ్చెన వేసుకుని పైకెక్కి పొగగొట్టం టోపీ మార్చాడు. దిగొచ్చి పొయ్యి రాజేశాడు. పెంచలమ్మ అందించిన సమర్ అనే తుమ్మ కట్టెలు చిటపటలాడుతూ అంటుకున్నాయి. పొగ బాగానే లాగుతోంది. కాసేపు ఆ మంటను చూస్తూ కూర్చుని, లేస్తూ ఎందుకో చెక్కగోడకు అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు.

"పెద్దమ్మా, నీ రూము ఒకసారి చూడాల."

గదిలోకి అడుగు పెట్టగానే వెచ్చదనం మొహానికి తగిలింది. దాంతోపాటే రొట్టె మాడిన వాసన. మంచం గోడకు బాగా దగ్గరగా జరిపి ఉంది. దిండుకు కాస్త పైన, గోడ రంగు మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మచ్చ.

"నువ్వు పెట్టిపోయిన కాణ్ణుంచి ఈ గోడ వెచ్చగా ఉంటాది నాయనా" అంది పెంచలమ్మ. "నడుము ఆనించి పండుకుంటే మోకాళ్లు గూడా సడల్తాయి. పోయిన చలికాలం కూసుంటే లేయలేకపోతి. పొద్దున్నే గోడ పట్టుకుని ఏడ్చేదాన్ని. నీ పుణ్యాన ఈ చలికాలం పనికి అడ్డం లేదు."

వీరబ్రహ్మం కరెంటు మెయిన్ ఆపి, ఆ గోడకున్న స్విచ్చు బోర్డు మరలు విప్పి ముందుకు లాగాడు. ఫోను లైటు లోపలికి కొట్టాడు. నిలువు చెక్క ఒకటి అంచున నల్లగా ఉంది. వేలు పెట్టి గీరితే పొడి రాలింది. ఆ వేలు ఆమె కళ్ల ముందు పెట్టాడు.

"మసి" అంది ఆమె.

"మసి గాదు పెద్దమ్మా. లోపల చెక్క బొగ్గవుతాంది. మంట పెట్టినప్పుడల్లా కాగి కాగి, ఎండి ఎండి, ఒకరోజు చిన్న సెగకే అంటుకుంటాది. నీకు మంట కనపడే లోపల గోడంతా పాకి ఉంటాది. నువ్వు తల పెట్టుకునేది ఆడనే."

పెంచలమ్మ మంచం మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ మచ్చను చూసింది.

"మేడమ్‌కు చెప్తావా?"

"చెప్పాల."

"చెప్పొద్దు నాయనా. మంచం నేనే ఈ పక్కకు లాక్కుంటా. కట్టెలు తక్కువేస్తా, గెస్టులకేం తెలుస్తాది."

"మంచం జరిపితే మంట ఆగుతాదా?"

"వాళ్లకు చెప్తే ఏం చేస్తారో నీకు తెలీదు."

"ఏం చేస్తారు? పొయ్యి ముందుకు జరపమంటారు. లేదా రేకు కొట్టమంటారు. నేనే వచ్చి కొడతా. నీ మంచం ఉన్నకాణ్ణే ఉంటాది."

పెంచలమ్మ అతని వైపు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. లేచి, మచ్చ పక్కనున్న దిండు తీసి కాళ్ల వైపు పెట్టుకుంది.

కొండ దిగుతూ చిన్న గేరులో బండి మూలుగుతుంటే వీరబ్రహ్మం ఇస్రార్‌కు చెప్పాడు. ఇస్రార్ గేరు మార్చి మలుపు తిప్పాడు.

"చెప్పకుంటే ఏమైతది?"

"అంటుకుంటే మనిషి పోతాది భయ్యా. అట్లా పెట్టింది మనమే గదా."

ఇస్రార్ బండి పక్కకాపి తహ్రీమ్ నంబరు కలిపి ఫోను అతని చేతికిచ్చాడు. "నువ్వే చెప్పు. నేను చెప్తే ఇంకో పని కోసం చెప్తున్న అనుకుంటది."

లోయలో ఎక్కడో మేకలు అరుస్తున్నాయి. వీరబ్రహ్మం ఫోను చెవికి గట్టిగా అదుముకుని, జరిగిందీ జరగబోయేదీ చెప్పాడు.

*

తహ్రీమ్ మర్నాడే కారులో వచ్చింది. ఇస్రార్ కూడా వీరబ్రహ్మాన్నీ చెన్నయ్యనూ బండిలో తెచ్చాడు. తహ్రీమ్ స్విచ్చు బోర్డు సందులోంచి ఆ నల్లటి చెక్కను చూసి, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది.

"యా అల్లా! పోయిన జుమ్మాకు చిన్న పిల్లలున్న ఫ్యామిలీ ఉండె ఇక్కడ." వీరబ్రహ్మం వైపు తిరిగింది. "భాయ్, నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో. ఇల్లు కాపాడినవ్. చాన షుక్రియా."

వీరబ్రహ్మం తల వంచుకున్నాడు. కంపెనీలో చేరినప్పటినుంచీ అతనికి ఒక కస్టమర్ కృతజ్ఞత చెప్పడం అదే మొదలు. గుమ్మం దగ్గర నిలబడ్డ పెంచలమ్మ వైపు, చూశావా అన్నట్టు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు.

హాల్లో అతను పొయ్యి ఎంత ముందుకు రావాలో గచ్చు మీద టేపు అంటించి చూపించాడు. తహ్రీమ్ ఆ టేపు చుట్టూ తిరిగింది. సోఫా దగ్గర కూర్చుని చూసింది, లేచి చూసింది. సోఫా జరిపితే లోయ కనిపించదు. రేకు మాట మళ్లీ ఎత్తాడు. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ఇస్రార్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఒక మాట. చెక్కగోడ ఎట్లనైనా పాడైంది. అది తీసేసి, వెనక్కి జరిపి బ్లాకులతోని కొత్త గోడ కడదం. మూల పెద్దగైతది. స్టవ్ ఉన్నకాడే ఉంటది. హాలు ఇంక ఖుల్లా అయితది."

తహ్రీమ్ కళ్లు వెలిగాయి. "అటు ఏమున్నది?"

"ఏం లేదు మేడమ్. చిన్న రూము."

ఆమె రషీద్ సాబ్‌కు ఫోను చేసింది. ఎక్కువసేపు పట్టలేదు.

కొత్త గోడ ఎక్కడ రావాలో గుర్తు పెట్టే పని వీరబ్రహ్మానిదే. పెంచలమ్మ గదిలో అతను ఒక చివర, చెన్నయ్య ఒక చివర కూర్చుని నీలం పొడి అద్దిన దారం బిగించి పట్టుకున్నారు. వీరబ్రహ్మం దారాన్ని పైకి లాగి వదిలాడు. నేల మీద నీలం గీత పడింది. మంచం ఈ పక్క కాళ్లు గీతకు ఇవతల, ఆ పక్క కాళ్లు అవతల ఉన్నాయి.

అతను లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఇంక ఈడ మంచం పట్టదు. రేకు పెడితే గోడ కదిలించే పనే లేదు. చెక్క మార్చి, తెల్ల రంగు కొట్టిన రేకు పెడతా. చూసినోళ్లకు రేకని గూడా తెలీదు."

"నువ్వే కద భాయ్ అన్నవ్, దూరం ఉంటేనే సేఫ్ అని?" తహ్రీమ్ మెత్తగానే అంది. "ఇప్పుడు రేకు చాలంటే ఎట్ల? సేఫ్టీ దగ్గర నేను సర్దుకోను."

ఇస్రార్ అతని కాలి మీద బూటు మోపాడు.

తహ్రీమ్ పెంచలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నీ కోసమే ఇదంత. నువ్వు నిద్రల ఉన్నప్పుడు ఆ గోడ అంటుకుంటే? నాకు తలుచుకుంటేనే భయమైతది. బయట మోటరు రూము ఉన్నది కద, సాఫ్ చేయిస్త. కొన్ని దినాలు అక్కడ సర్దుకో, తర్వాత చూద్దం."

"వంటింట్లో పండుకుంటా మేడమ్."

"గెస్టులు ఎప్పుడంటే అప్పుడు చాయ్‌కు వస్తుంటరు కద. మంచిగుండదు."

"సరే మేడమ్."

టీ పెట్టాలని పెంచలమ్మ గదిలోంచి బయల్దేరింది. నీలం గీత దగ్గర ఆగి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తుకుని, దాన్ని తొక్కకుండా దాటింది.

*

పలకలు ఊడదీసేటప్పుడు మేకులు కీచుమన్నాయి. జిప్సం బోర్డు ఊడి పడింది. లోపలి నిలువు చెక్కలు మూడు బొగ్గయి ఉన్నాయి. ఇస్రార్ వాటిని వెలుతురులో పెట్టించి ఫోటోలు తీసి రషీద్ సాబ్‌కు పంపాడు. సాబ్ దగ్గరనుంచి వచ్చిన మెచ్చుకోలు వాయిస్ మెసేజ్ అందరికీ వినిపించాడు. అందులో వీరబ్రహ్మం పేరు లేదు గానీ, 'మీ ఫిట్టర్' అన్న మాట ఉంది.

దుమ్ము మధ్యలోంచి పెంచలమ్మ తన సామాను మోసుకుపోయింది. మొదట పెట్టె, తర్వాత దుప్పట్లు, తర్వాత కిటికీ గూట్లోని దేవుడి పటం, నూనె సీసా. మంచం ఎత్తబోతుంటే వీరబ్రహ్మం గునపం పడేసి వచ్చాడు.

"నేను తెస్తా పెద్దమ్మా."

"నీ పని చూసుకో నాయనా." ఆమె మంచాన్ని అడ్డంగా తిప్పి, ఒక్కతే ఈడ్చుకుంటూ పోయింది. దాని కాళ్లు వాకిట్లో గులకరాళ్ల మీద గీతలు పెట్టుకుంటూ పోయాయి.

మధ్యాహ్నం బండి నీడలో అన్నం తింటూ వీరబ్రహ్మం ఇస్రార్‌ను అడిగాడు. "భయ్యా, నువ్వన్నా ఒక మాట చెప్పు. ఆమెకు మోకాళ్లు నొప్పులు. మోటరు రూము రేకుల షెడ్డు."

"నీకేమైంది? ఇది మొదలు పెట్టింది నువ్వే."

"నేను జరపమనింది పొయ్యిని. మనిషిని గాదు."

ఇస్రార్ కవరులోంచి ఇంకో రొట్టె తీశాడు. కోపంగా లేడు. "స్టవ్‌కు జాగ కావాలె భాయ్. ఎవరో ఒకరు ఇయ్యాలె కద. మేడమ్ ఇస్తదా, గెస్టు ఇస్తడా?"

చెన్నయ్య బ్లాకులు పేర్చి, గిలాబు చేసి, నీళ్లు చల్లాడు. అతను తడిపిన గోడ ఆరే లోపల వీరబ్రహ్మం కొత్త మూలలో పొయ్యిని నిలబెట్టాడు. రేకు ముక్క మీది బొమ్మలో ఎట్లా ఉందో అట్లా, వెనకా పక్కనా కొలిచి, అడుగున పలుచటి పలకలు దోపి, వంకర లేకుండా. అతను చేసిన పనుల్లో ఇంత శుభ్రంగా కుదిరింది ఇంకోటి లేదు. అది అతనికి తెలుస్తోంది. బయటికి పోయి ఉమ్మేశాడు.

గోడ వెనక పెంచలమ్మ గదిలో మిగిలింది నడవా అంత జాగా. అందులో కట్టెలు పేర్పించమని తహ్రీమ్ ఫోనులో చెప్పింది. బయటుంటే వానకు తడుస్తున్నాయట. చెన్నయ్య కిటికీ ఎత్తు దాకా పేర్చాడు.

*

గురువారం సాయంత్రానికి గెస్టులు వస్తారనగా తహ్రీమ్ వచ్చి పొయ్యి వెలిగించమంది. మంట అందుకుంది. గాజు తలుపు వెనక అది ఎర్రగా, నెమ్మదిగా ఆడుతుంటే ఆమె సోఫాలో కూర్చుని ఇటు లోయను చూసింది, అటు మంటను చూసింది. లేచి వెళ్లి కొత్త గోడకు అరచెయ్యి ఆనించింది.

"చల్లగున్నది! నువ్వు కూడ చూడు భాయ్."

వీరబ్రహ్మం కూడా చెయ్యి ఆనించాడు. చల్లగానే ఉంది.

"ఇప్పుడు నాకు నిద్ర పడతది" అంది తహ్రీమ్. ఖర్జూరాల డబ్బా ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. వాకిట్లో గెస్టుల కార్లు ఆగుతున్నాయి. ఆమె నవ్వుతూ ఎదురుపోయింది.

అతను ఇంటి వెనక పెట్టిన బండి దగ్గరికి నడిచాడు. ఇంటి కప్పులోంచి పొగగొట్టం దూరే కంత చుట్టూ వేడి అంటకుండా కుక్కిన రాతిదూది చుట్ట ఒకటి సగం మిగిలింది. బోర్డు ముక్కలు కూడా ఉన్నాయి. వాటిని చంకన పెట్టుకుని మోటరు రూముకు పోయాడు. రేకు తలుపు కింద అరచెయ్యి పట్టేంత సందు. లోపల ఒక పక్క నీళ్ల మోటరు, దాని పైపులు. మిగిలిన చోట మంచం. పెంచలమ్మ మంచం మీద కూర్చుని గెస్టుల తువ్వాళ్లు మడత పెడుతోంది. కాళ్లకు రెండు జతల మేజోళ్లు తొడుక్కుంది.

"పెద్దమ్మా, ఈ దూది రేకులకు కొట్టి, మీద బోర్డు వేస్తా. తలుపు కింద సందు గూడా మూస్తా. ఎంతసేపో పట్టదు. చలి సగం తగ్గుతాది."

"వద్దు నాయనా."

"ఎవరూ ఏమనరు. ఇది మిగిలిందే. ఇస్రార్ భయ్యా వచ్చే లోపల..."

ఇంట్లో ఎవరో కుళాయి తిప్పారు. మోటరు ఒక్కసారిగా గర్జించింది. మంచం సన్నగా అదిరింది. అతని మాట అతనికే వినపడలేదు. పెంచలమ్మ తువ్వాలు అంచులు సరిచేస్తూ, అది ఆగేదాకా కూర్చుంది. ఆగింది.

"నువ్వు మంచోడివే. నీ మీద నాకు కోపం లేదు" అంది. "నువ్వు దీన్ని బాగు చేస్తే మేడమ్ చూస్తాది. బాగుండాదే అంటాది. డ్రైవరుకో, ఇంకెవరికో ఇస్తాది. ఇట్లుంటేనే ఇది నాకు మిగుల్తాది. దీన్నిట్లనే ఉండనీ."

పెంచలమ్మ తువ్వాళ్లు పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి మోపి లేచింది. వీరబ్రహ్మం చేతుల్లోంచి ఆ చుట్ట తీసుకుని, బయటికి నడిచి, బండి వెనక పెట్టింది. తిరిగొచ్చి బోర్డు ముక్కలు కూడా తీసుకుపోయింది.

"చేతులు కడుక్కో పెద్దమ్మా. ఆ దూది గుచ్చుకుంటాది" అన్నాడతను.

ఆమె అరచేతులు చూసుకుంది. గోడ పక్కనున్న కుళాయి దగ్గర వంగి తిప్పింది. మోటరు మళ్లీ మోగింది.